అమ్మకి ఎక్స్‌రే నార్మల్ అన్నారు, మళ్ళీ ఎమ్మారై దేనికి?

ఒంగోలు చిన్నోడు:
మా అమ్మకి 58. రెండు నెలల్నుంచి నడుం నొప్పి, కూర్చుని లేస్తే ఎడమ కాలు పిక్క దాకా జిల్లుమని లాగుతుందంట. డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి ఎముకలన్నీ బానే ఉన్నాయమ్మా అన్నారు, మందులు వాడాం, తగ్గలా. మొన్న వెళ్తే ఎమ్మారై రాశారు. అన్నీ బాగుంటే మళ్ళీ ఇదెందుకు, నాకైతే కమీషన్ వ్యవహారంలా ఉంది. సీటీ అయితే తక్కువలో అయిపోద్ది కదా, అది చాలదా? పైగా ఎదురింటావిడ రేడియేషన్ అని భయపెట్టింది. ఇంకోటి, తాళి తీయాలన్నారంట, అప్పట్నుంచి నేను రానంటే రాను అంటుంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు టెక్నీషియన్:
తమ్మీ, నేను ఎక్స్‌రే, ఎమ్మారై రెండిట్ల చేసిన, 14 ఏండ్లయితంది. ఎక్స్‌రే అంటే నీడ, గంతే. కరెంటు పోయినప్పుడు దీపం ముందల చెయ్యి పెట్టి గోడ మీద కుక్క బొమ్మ చేస్తం సూడు, గట్లనే. ఎముకల కాల్షియం కిరణాలను ఆపుతది, ఫిల్మ్ మీద తెల్లగ పడ్తది. ఊపిరితిత్తులల్ల గాలి, ఆపదు, నల్లగ. డిస్కు (పూసల నడుమ మెత్తగ దిండు లెక్క ఉంటది), నరం, కండ మాత్రం ఇంచుమించు ఒకటే బూడిద రంగుల కలిసిపోతయ్. పూసల నడుమ సందు తగ్గిందా అంటే చెప్పొచ్చు గని, డిస్కు జరిగి నరాన్ని నొక్కుతుందా అనేది ఆ నీడల దొరకదు. నార్మల్ అంటే ఎముకల మట్టుకు నార్మల్ అని.

ఎమ్మారైల ఆ రేడియేషనే లేదు, అయస్కాంతం, రేడియో తరంగాలు, అంతే. ఒంట్ల నీళ్ళల్ల, కొవ్వుల హైడ్రోజన్ ఉంటది గద, దాన్ని అయస్కాంతం ఒక వరుసల పెడ్తది, రేడియో తరంగంతోని జర కదిలిస్తం, మళ్ళ సర్దుకునేటప్పుడు అది సిగ్నల్ ఇస్తది, దాంతోని బొమ్మ. టీ2 అనే బొమ్మల నీళ్ళు తెల్లగ మెరుస్తయ్. నరాల చుట్టు నీళ్ళుంటయ్, ఆ తెల్లగీత ఏడ నొక్కుకపోయిందో ఆడ సూస్తం.

భయపడాల్నంటే సీటీకి పడాలె, అది కూడా ఊరికూరికె తీయిస్తేనే. రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లల్ల కొలుస్తం, ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1 దాటదు, మట్టి, గాలి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 ఎట్లైనా వస్తనే ఉంటది. కడుపు సీటీ 8, 10 దాకా పోతది.

కాకినాడ కాజా:
అదేంటండీ, మా మావయ్యగారు బండి మీంచి పడితే తలకి సీటీయే తీశారు, ఎమ్మారై అంత గొప్పదైతే అదే తీయాలి కదండీ మరి?

నైట్ డ్యూటీ పీజీ (రేడియాలజీ):
కాజా గారూ, ఒకటి గొప్ప ఒకటి తక్కువ అని కాదు. తలకి దెబ్బ తగిలితే ముందు తెలియాల్సింది లోపల రక్తం కారిందా లేదా అని. సీటీ నిమిషాల్లో అయిపోద్ది, తాజా రక్తం తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడుద్ది. సీటీ కూడా ఎక్స్‌రేనే, కాకపోతే చుట్టూ తిరుగుతూ వందల కోణాల్లో తీసి కంప్యూటర్‌తో ముక్కలు ముక్కలుగా కోసి చూపిస్తుంది. ప్రతి చుక్కకీ అది కిరణాల్ని ఎంత ఆపిందో చెప్పే ఒక నంబరు, నీళ్ళు 0, గాలి మైనస్ 1000, కొవ్వు సుమారు మైనస్ 100, గడ్డకట్టిన కొత్త రక్తం 60 అటూ ఇటూ. ఈ నంబర్లకి సీటీ కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు, ఆయన డాక్టరు కాదు, పాటల రికార్డుల కంపెనీ ఈఎంఐలో ఇంజనీరు, 1971లో లండన్‌లో మొదటి పేషెంట్‌కి తీశారు, 1979లో నోబెల్. (రాత్రి మూడింటికి నాకు గుర్తొచ్చేవి ఇలాంటివే.)

చిన్నోడూ, కమీషన్లు ఎక్కడా లేవని నేననను. కానీ మామూలు నడుం నొప్పికి మొదటి వారమే ఎమ్మారై రాస్తే అనుమానపడు. మీ అమ్మగారికి రెండు నెలలైంది, మందులకి తగ్గలా, కాల్లోకి లాగుతోంది, ఇక్కడ రాయడం సబబే. కాలు బలం తగ్గినా, ఒంటికి రెంటికి కంట్రోల్ తప్పినా మాత్రం స్లాట్ కోసం ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళు.

బెజవాడ అక్క:
తాళి సంగతి నేను చెప్తాను. పుస్తెలు బంగారమే, అయస్కాంతం లాగదు, అసలు గొడవ ఆ తాడుకి మనం గుచ్చుకునే పిన్నీసులతో! నాకు ఎమ్మారై తీసినప్పుడు నాలుగు ఉన్నాయి, ఒకటి జాకెట్ లోపల మర్చిపోయా, అక్కడ పనిచేసే అమ్మాయి తడిమి తీసింది. మెట్టెలు, నల్లపూసలు, జడపిన్నులు అన్నీ తీయాల్సిందే, లోహం ఉన్నచోట బొమ్మ పాడవుద్ది, వేడెక్కొచ్చు కూడా. మా అత్తగారు పసుపుకొమ్ము దారానికి కట్టి మెళ్ళో వేసి పంపారు, ఎవరూ ఏమీ అన్లేదు. అమ్మకి అదే చెప్పు, ఒప్పుకుంటుంది.

ఓరుగల్లు టెక్నీషియన్:
అక్క మంచిగ చెప్పింది. ఆ అయస్కాంతం మేం ఇంటికి పోయినా ఆగదు, 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంతానికి 30 వేల రెట్లు. ఒకసారి వార్డు బాయ్ తాళాలగుత్తి జేబుల పెట్టుకొని వచ్చిండు, ప్యాంటు జేబు నిక్కి మిషన్ దిక్కు చూసింది. 2018ల ముంబైల ఆక్సిజన్ సిలిండర్ లోపల్కి తీసుకపోయి ఒకాయన పానమే పోయింది. పేస్‌మేకర్, తలల క్లిప్పు, పాత ఆపరేషన్ రాడ్లు ఏమన్న ఉంటే ముందుగాల్నే చెప్పుండ్రి.

ఒంగోలు చిన్నోడు:
అప్‌డేట్: నిన్న అయిపోయింది, 25 నిమిషాలు. పసుపుకొమ్ముతోనే వెళ్ళింది అక్కా, థ్యాంక్స్. లోపల పిండిమరలో పడుకోబెట్టినట్టుందిరా అంది. రిపోర్టులో ఎల్4-ఎల్5 (నడుం కింది పూసల నంబర్లంట) దగ్గర బల్జ్ (డిస్కు ఉబ్బడమంట), ఎల్5-ఎస్1 దగ్గర ఎడమవైపు డిస్కు బయటికొచ్చి నరాన్ని తాకుతోంది అని ఉంది. రెండు డిస్కులు పోయాయా అని ఏడుస్తుంది.

నైట్ డ్యూటీ పీజీ (రేడియాలజీ):
బల్జ్ అనే మాటకి భయపడొద్దను, ఆ వయసులో ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసినా చాలామందికి కనపడుద్ది. ఎడమవైపు ఎల్5-ఎస్1 అన్నది మాత్రం ఆవిడ చెప్పే పిక్క లాగుడికి సరిపోతోంది. రిపోర్టు కాయితం ఒక్కటే కాదు, ఫిల్ములు, సీడీ కూడా పట్టుకెళ్ళు, డాక్టరు కాలు ఎత్తించి చూసి రెండూ కలిపి చెప్తారు.