సీడీలను చదివే డ్రైవ్ డీవీడీని ఎందుకు చదవడం లేదు?

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లోని డ్రైవ్ పాటల సీడీలను చక్కగా చదువుతోంది కానీ, అక్కయ్య పెళ్లి వీడియో ఉన్న డీవీడీ పెడితే కాసేపు గరగరమని తిరిగి, డిస్క్ పెట్టమని అడుగుతోంది. అదే డిస్క్ టీవీ దగ్గరి ప్లేయర్‌లో ఆడుతోంది. కారణం ఏమై ఉంటుందో దయచేసి చెప్పగలరు.

జవాబు: సీడీకి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ వాడతారు కాబట్టి, ఒకటి బలహీనపడినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. ముందుగా, కొనుక్కున్న సినిమా డీవీడీ ఏదైనా పెట్టి చూడండి. అదీ చదవకపోతే లేజర్‌నో లెన్స్‌నో అనుమానించాలి.

మరో జవాబు: ట్రే తెరిచాక ల్యాప్‌టాప్ ఆపివేయండి. గాజుపూసలా కనిపించే లెన్స్‌ను, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన ఇయర్‌బడ్‌తో నొక్కకుండా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. డిస్క్‌ను మాత్రం మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే సాగి, దిద్దుకోలేనంత డేటాను చెడగొడుతుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. లెన్స్ తుడిచాను. సినిమా డీవీడీ చదువుతోంది, పెళ్లిది మాత్రం చదవడం లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు: అయితే మీ డీవీడీ లేజర్ బాగానే ఉన్నట్టు. రికార్డు చేసిన డిస్క్‌లోని రంగు పూత ఏళ్లు గడిచేకొద్దీ చెడిపోతుంది, పైగా రికార్డు చేసినవారు దానిని ఫైనలైజ్ (రికార్డింగ్ ముగించి, వేరే పరికరాలూ చదివేలా డిస్క్‌ను సిద్ధం చేయడం) చేయకపోయినా కొన్ని డ్రైవ్‌లు చదవలేవు. ఇంకొకరి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తెచ్చి, అది చదివితే ఆలస్యం చేయకుండా మొత్తం హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.