మందు వేసిన పది రోజులకే కుక్కకి మళ్ళీ పిడుదులు: ఇంటికి ఏం చేయాలి?

పటమట లాబ్
లాబ్రడార్, రెండేళ్ళు, 28 కిలోలు. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, వెనక చిన్న పెరడు, మోటారు గది. ఇంట్లో పిల్లి కూడా ఉంది. మెడ మీద వేసే చుక్కల మందు వేసిన పది రోజులకే చెవుల్లో, కాలివేళ్ళ సందుల్లో మళ్ళీ పిడుదులు. మాత్ర మంచిదా, స్నానం మందు మంచిదా? ఇంటికి ఏం కొట్టాలి? జ్వరం లేకపోయినా రక్తపరీక్ష చేయించాలా? పిడుదులు కనబడటానికి బొచ్చు గొరిగించొచ్చా? తెలిసినవారు చెప్పండి.

గోడచీలిక
కుక్క మీద కనిపించేది కొసరే. అసలు సరుకు గోడలో ఉంది. పశువులకి పట్టే ఒక రకం పిల్లదశ నుంచి పెద్దయ్యేదాకా ఒకే పశువు మీద ఉంటుంది. కుక్కలకి పట్టే ఈ గోధుమరంగు రకం అలా కాదు. బతుకులో మూడుసార్లు కుక్కనెక్కి రక్తం తాగి మూడుసార్లు దిగిపోతుంది. దిగాక పైకి పాకుతుంది, అందుకే నేల ఎన్నిసార్లు ఫినాయిల్‌తో తుడిచినా ఫలితం ఉండదు. రాత్రి టార్చి వేసి తలుపు ద్వారబంధం పగుళ్ళు, స్విచ్‌బోర్డు అంచులు, కర్టెన్ మడతలు, మంచం వెనక గోడ, కుక్క పడుకునే చోట పైకప్పు మూల చూడండి. తాగి ఉబ్బిన ఆడది బూడిదరంగులో చిక్కుడు గింజంత ఉంటుంది. అది ఒక్కటే వేలల్లో గుడ్లు పెడుతుంది. మన వేడికి దాదాపు మూడు వారాల్లో అవి పిల్లలవుతాయి. గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు పెట్టేదాకా రెండు మూడు నెలలు. మీరు ఒక్కసారి మందు వేసి ఊరుకుంటే గోడలో వంతు కోసం కాచుకున్నవి తర్వాత ఎక్కుతాయి. మందు పనిచేయలేదని కాదు.

చేయాల్సింది ఇది. ముందు వాక్యూమ్ క్లీనర్‌కి సన్నటి ముక్కు తగిలించి ప్రతి పగులూ లాగాలి. సంచి వెంటనే కవర్లో కట్టి బయట పడేయాలి, లేకపోతే అందులోంచే మళ్ళీ పాక్కుంటూ వస్తాయి. తర్వాత డెల్టామెత్రిన్ అనే పురుగుమందుని లేబుల్ మీద రాసిన మోతాదులో కలిపి పగుళ్ళలోకి, గోడ కింది నుంచి పైకప్పు దాకా కొట్టాలి. మూడు వారాలకి రెండోసారి, ఆ తర్వాత మూడోసారి. మొదటిసారి కొట్టిన రెండు రోజులకి వైట్ సిమెంటుతో పగుళ్ళు పూడ్చేయండి. పూడ్చకుండా ఎన్నిసార్లు కొట్టినా సగం పనే.

హన్మకొండ హస్కీ
గింత పెద్ద లెక్క దేనికన్నా. అమిట్రాజ్ అని పిడుదుల స్నానం మందు సీసా తెచ్చి బకెట్ల కలిపి పొయ్యున్రి, ఒక్కటి మిగలదు. లీటరుకు రెండు మి.లీ. అని భయపడొద్దు, పది దాక పోయొచ్చు. మందు గట్టిగుంటేనే పని జేస్తది. ఒక్క మాత్రకు పెట్టే పైసలల్ల ఏడాదంత స్నానాలు అయితయి.

మందులషాపు కౌంటర్
పది మి.లీ. అనే మాట దయచేసి ఎవరూ పాటించకండి. సీసా మీద 12.5 శాతం అని ఉంటుంది, అంటే మి.లీ.కి 125 మి.గ్రా. లీటరు నీళ్ళలో 2 మి.లీ. కలిపితే 250 పీపీఎం, అంటే లీటరుకి 250 మి.గ్రా. మందు. పిడుదులకి అది చాలు. పది పోస్తే 1250. అంత ఘాటు ఒంటికి పట్టినా, నాకినా కుక్క మత్తుగా పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది, వాంతులవుతాయి.

స్నానం వరస: ముందు మామూలు షాంపూతో జిడ్డు వదిలించి తువ్వాలుతో తుడవాలి. గ్లౌజులు తొడుక్కుని, గాలి ఆడే చోట, అప్పటికప్పుడు కలిపిన మందు చెవుల వెనక, వేళ్ళ సందులు, తోక కింద అంతటా పట్టించాలి. కళ్ళలో పడకూడదు. తర్వాత నీళ్ళు పోయకూడదు, అలాగే ఆరాలి. ఆరేదాకా నాకకుండా మెడకి కోన్ వేయండి. మిగిలిన నీళ్ళు దాచి వారం తర్వాత వాడొద్దు. నాలుగు నెలల్లోపు పిల్లలకి, షుగరున్న కుక్కలకి, ఒంటిమీద పుళ్ళున్నప్పుడు ఈ మందు వద్దు.

హన్మకొండ హస్కీ
మరి బర్లకు మస్తు కొడ్తరు గద?

మందులషాపు కౌంటర్
బర్రెకైనా పిడుదులకి లేబుల్ మీద ఉండేది లీటరుకు 2 మి.లీ.లే. ఎక్కువ కొడితే అది కూడా తప్పే.

పిల్లులమేడ
ఇన్ని పోస్టులయ్యాయి, ఇంట్లో పిల్లి ఉందని అడిగినాయన రాసిన ముక్క ఒక్కరూ చదవలేదు! గోడకి డెల్టామెత్రిన్ అంటారు ఒకరు, బకెట్లో అమిట్రాజ్ అంటారు ఇంకొకరు. రెండూ పిల్లికి ప్రమాదమే. పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్ జాతి మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్కకి వేసిన పెర్మెత్రిన్ చుక్కలు తడిగా ఉండగా పిల్లి దాన్ని రాసుకున్నా, నాకినా చాలు. చెవులు, మూతి అదరడంతో మొదలై ఒళ్ళంతా వణుకు, ఫిట్స్ దాకా పోతుంది. అలా జరిగితే గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు, గోరువెచ్చని నీళ్ళతో వెంటనే కడిగి, తువ్వాల్లో చుట్టి ఆసుపత్రికి పరిగెత్తాలి. వేడినీళ్ళు పోయొద్దు, మందు ఇంకా లోపలికి పోతుంది. నోట్లో పాలు పోయొద్దు, వణికే పిల్లికి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

గోడచీలిక
అక్కా, కొట్టేటప్పుడు పిల్లిని వేరే గదిలో పెట్టాలనేది ఎవరికైనా తెలిసిందే కదా.

పిల్లులమేడ
తెలిసిందే అయితే రాయడానికి ఒక వాక్యమేగా! చదివిన మనిషి స్ప్రే డబ్బా పట్టుకుని నేరుగా మొదలుపెడతాడు. పిల్లి గిన్నెలు, ఇసుక ట్రే, పరుపు ముందే తీసేయాలి. పూర్తిగా ఆరి, కిటికీలు తెరిచి వాసన పోయాకే లోపలికి రానివ్వాలి. కుక్కకి డెల్టామెత్రిన్ కాలర్ కడితే, రెండూ ఒకదాని మీద ఒకటి పడుకునే ఇంట్లో అది కుదరదు. పిల్లి ఉన్న ఇంటికి కుక్కకి నోటిమాత్రే నయం, ఒంటిమీద రాసుకునేది ఏదీ ఉండదు.

స్మియర్ బల్ల
పశువైద్యశాల ల్యాబులో రోజూ రక్తపు స్లైడ్లు చూసేవాణ్ణి, ఈ విషయం ఇక్కడ నాకంటే బాగా చెప్పేవాళ్ళు తక్కువ, అందుకే గట్టిగా చెబుతున్నా. పిడుదులు పట్టిన కుక్కకి జ్వరం లేదని పరీక్ష మానొద్దు. పిడుదులు అంటించే ఎర్లికియా అనే రక్తపు జబ్బు మొదటి జ్వరం తగ్గాక నెలల తరబడి పైకి ఏమీ కనిపించకుండా లోపల ఉంటుంది. ప్లేట్‌లెట్లు మాత్రం తగ్గుతుంటాయి. చిగుళ్ళు పాలిపోవడం, పొట్టమీద ఎర్రటి చుక్కలు, ముక్కులోంచి రక్తం, కాఫీరంగు మూత్రం వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. కాఫీరంగు మూత్రం కనిపిస్తే ముందు అనుమానించాల్సింది బబీసియాని, అదీ పిడుదులు అంటించే రక్తపు జబ్బే, దాని మందు వేరు. ఎర్లికియాకి వేసే డాక్సీ (డాక్సీసైక్లిన్) ఒక్కటే వేసుకుంటూ కూర్చుంటే తగ్గదు.

మెషిన్ ఇచ్చే ప్లేట్‌లెట్ అంకెని గుడ్డిగా నమ్మకండి. కుక్క ప్లేట్‌లెట్లు గుంపుగా అతుక్కుంటే మెషిన్ తక్కువ చూపిస్తుంది. స్లైడ్ మీద కంటితో చూడమని అడగండి. బబీసియాకి చెవి అంచు నుంచి తీసిన చుక్క రక్తం స్లైడ్ అయితే దొరికే అవకాశం ఎక్కువ. పీసీఆర్ చేయించేటట్టయితే ఊదారంగు మూత ట్యూబులో రక్తం డాక్సీ మొదటి మోతాదుకి ముందే తీయాలి. యాంటీబాడీ కిట్ పాజిటివ్ వస్తే జబ్బు ఇప్పుడుందని కాదు, నయమైన తర్వాత కూడా నెలల తరబడి అలాగే చూపిస్తుంది. మీకు దగ్గర్లో గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడికి తీసుకెళ్ళండి.

కొత్తపేట పగ్
డాక్సీ మాట వచ్చింది కాబట్టి, మాత్ర పెరుగన్నంలో కలిపి పెట్టేయండి, హాయిగా తింటాయి.

మందులషాపు కౌంటర్
పెరుగులో వద్దు. కాల్షియం డాక్సీని పట్టుకుని పేగులోంచి ఒంటికి ఎక్కనివ్వదు.

కొత్తపేట పగ్
అది టెట్రాసైక్లిన్ సంగతి. డాక్సీకి ఆ బాధ తక్కువ. వేసవిలో పెరుగన్నం తప్ప ముట్టని కుక్కకి ఖాళీ కడుపున మాత్ర వేస్తే వాంతి చేసుకుంటుంది. అప్పుడు మందు మొత్తం నేలపాలు. ఏది నష్టం?

మందులషాపు కౌంటర్
తక్కువ అన్నారు గానీ, లేదని అనలేదుగా. ఇరవై ఎనిమిది రోజుల కోర్సులో రోజూ కొంత కొంత తగ్గితే తిరగబెట్టినప్పుడు ఎవరిని అడుగుతారు? ఖాళీ కడుపున వేయమని నేనెక్కడన్నాను?

కొత్తపేట పగ్
మీరు కౌంటర్ వెనక నిలబడి చెబుతారు. కుక్క నోరు తెరిచి మాత్ర వేసేది మేము.

స్మియర్ బల్ల
ఇద్దరూ ఆగండి. కిలోకి 10 మి.గ్రా. లెక్కన 28 కిలోలకి రోజుకి 280, అంటే దాదాపు వంద మి.గ్రా. మాత్రలు మూడు. అంత మోతాదు ఒక్కసారి వాంతి తెప్పిస్తే ఉదయం సగం, సాయంత్రం సగం వేస్తారు, డాక్టరుని అడిగి అలా విడదీయండి. మాత్ర ఉడికిన గుడ్డు ముక్కలోనో, చికెన్ ఉడికించిన నీళ్ళన్నంలోనో పెట్టండి. పెరుగన్నం రెండు గంటల తర్వాత పెట్టండి. మాత్ర వెంటే సిరంజితో కాసిని నీళ్ళు బుగ్గ పక్కనుంచి పోయాలి, పొడిగా గొంతులో ఆగితే పుండు పడుతుంది. పిల్లుల్లో ఆ పుండు ఆహారనాళం బిగుసుకుపోయేదాకా వెళుతుంది. ఐరన్ సిరప్ కూడా రాసి ఉంటే దానికీ డాక్సీకీ కనీసం మూడు గంటల ఎడం. చాలామంది పెరుగు గురించి కొట్టుకుని ఐరన్ సిరప్ మాత్రం డాక్సీతో కలిపి పట్టించేస్తారు, నష్టం దానివల్లే ఎక్కువ.

కొత్తపేట పగ్
ఐరన్ సంగతి మాకు ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. మరి బొప్పాయి ఆకు రసం?

స్మియర్ బల్ల
ఎర్లికియాని అది చంపదు. బొప్పాయి రసం పోస్తూ డాక్సీని వాయిదా వేసి తెచ్చే కుక్కలే మా దగ్గరికి వచ్చేసరికి తెల్లటి చిగుళ్ళతో ఉంటాయి. ఈ సలహా ఎవరు ఇచ్చినా నేను వ్యతిరేకిస్తాను.

తిరుచానూరు టిబ్బూ
జ్వరానికి పారాసిటమాల్ వేయొచ్చా మధ్యలో?

పిల్లులమేడ
వద్దు. పిల్లికి అయితే అరమాత్ర కూడా ప్రాణం తీస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు తెస్తాయి, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు ఆ రక్తస్రావం ఆగదు. ముందు థర్మామీటరు పెట్టండి. కొనకి వ్యాజిలిన్ రాసి మలద్వారంలో అంగుళం లోపలికి. 102.5 ఫారెన్‌హీట్ దాకా కుక్కకి మామూలే. చెయ్యి వేసి వేడిగా ఉందనుకోవడం పరీక్ష కాదు.

హన్మకొండ హస్కీ
మాత్ర మాత్ర అంటున్నరు, అది తింటే ఫిట్స్ వస్తయని చదివిన. అమెరికాల మందుల్ని చూసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక గూడ ఇచ్చింది.

మందులషాపు కౌంటర్
2018 సెప్టెంబరులో ఇచ్చింది. ఫ్లూరాలనర్, అఫాక్సోలనర్, సారోలనర్, ఈ కుటుంబం మాత్రలన్నిటికీ కలిపి ఇచ్చింది. కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, ఫిట్స్ రావొచ్చని. మార్కెట్‌ నుంచి తీసేయలేదు. ఇదివరకు ఫిట్స్ వచ్చిన కుక్క అయితే డాక్టరుకి ముందే చెప్పాలి, చాలావరకు వేరే మందు చూస్తారు. మిగతా కుక్కలకి వాడుతున్నారు. ఫ్లూరాలనర్ ఒక మాత్ర పన్నెండు వారాలు, 20 నుంచి 40 కిలోల కుక్కకి 1000 మి.గ్రా.ది, తిండితో కలిపి ఇవ్వాలి. అఫాక్సోలనర్ నెలకొకటి. డబ్బు మిగులుతుందని పెద్ద కుక్క మాత్ర కొని రెండు ముక్కలు చేసి చిన్నవాటికి పెట్టేవాళ్ళున్నారు. మందు మాత్రంతటా సమానంగా ఉంటుందని తయారీదారు హామీ ఇవ్వరు. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ పడుతుంది.

ఇంకోటి గుర్తుంచుకోండి. మాత్ర వేశాక కూడా గోడలోంచి వచ్చినవి ఎక్కుతాయి. అవి కరిస్తేనే మందు తగులుతుంది, చావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పిడుదు కనిపించింది కదా అని పైనుంచి అమిట్రాజ్ కూడా పోసేయకండి. ఇల్లు శుభ్రమయ్యేదాకా కనీసం మూడు నెలలు మందు ఎడం లేకుండా నడవాలి. గోడచీలిక గారు చెప్పిన రెండు మూడు నెలల లెక్క ఇక్కడ పనికొస్తుంది.

కుందేళ్ళగూడు
కుక్కతోపాటు కుందేలు ఉన్నవాళ్ళకి: ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకి వేయకూడదు, చచ్చిపోతుంది. కుక్కకి వేసినా మెడ ఆరేదాకా దాన్ని దూరంగా పెట్టండి.

పటమట లాబ్
చుక్కల మందు ఫిప్రోనిలే. 2.68 మి.లీ. ట్యూబు, బరువుకి సరిపోయేదే. మరి ఎందుకు పనిచేయలేదు? బొచ్చు గొరగడం గురించి ఎవరూ చెప్పలేదు.

గోడచీలిక
బొచ్చు మీద పోస్తే పనిచేయదు. భుజాల మధ్య వెంట్రుకలు పాయ తీసి తోలు కనిపించాక ట్యూబు మూతి తోలుకి ఆనించి పిండాలి. వేయడానికి రెండు రోజుల ముందు, రెండు రోజుల తర్వాత స్నానం వద్దు. అది తోలు నూనెలో కలిసి ఒళ్ళంతా పరుచుకుంటుంది, షాంపూ ఆ నూనెనే తీసేస్తుంది. వారం వారం షాంపూ పోసే ఇంట్లో ఈ చుక్కలు నెల నిలవవు.

కొత్తపేట పగ్
లాబ్రడార్‌ని గొరిగించొద్దండీ. లోపలి మెత్తటి పొర ఎండ వేడి నుంచి కాపాడుతుంది, తోలు కాలుతుంది, వెంట్రుకలు మళ్ళీ సరిగ్గా రాకపోవచ్చు. సన్నపళ్ళ దువ్వెన చాలు. చేతివేళ్ళతో చెవి లోపలి మడత, గదవ కింద, చంకలు, వేళ్ళ మధ్య తడమండి. దొరికితే సన్నమూతి పట్టకారుతో తోలుకి ఆనించి పట్టుకుని తిన్నగా, నెమ్మదిగా లాగాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. అవి తగిలితే లోపలి ఉమ్మి కుక్కలోకి కక్కుతుంది. తీసినదాన్ని గోటితో నలపొద్దు, దాంట్లోంచి మనుషులకి కూడా జ్వరం వస్తుంది. స్పిరిట్ సీసాలో వేయండి.

హన్మకొండ హస్కీ
కోళ్ళను పెంచున్రి పెరట్ల, కింద పడ్డయి ఏరుకొని తింటయి.

గోడచీలిక
కింద పడినవి తింటాయి, పైకప్పు మూలలో ఉన్నవాటి దాకా కోడి పోలేదు. డెల్టామెత్రిన్ కొట్టిన పెరట్లో కోళ్ళని వదిలే ఆలోచన అసలు వద్దు. పటమట గారూ, మోటారు గది అన్నారు. కుక్క మధ్యాహ్నం చల్లదనానికి అక్కడ పడుకుంటుంటే మీ సమస్య సగం అక్కడే. ఇటుక మీద పూత లేని గోడైతే ప్లాస్టరింగ్ చేయించండి, పగుళ్ళు ఒక్కటొక్కటిగా పూడ్చి పూర్తి చేయలేరు. కొట్టే ముందు మెయిన్ ఆపి, స్టార్టర్ పెట్టెకి కవరు చుట్టండి. పాత గోనెసంచులు, చెక్కలు బయటికి తీసి కాల్చేయండి. సంపు మూత గట్టిగా బిగించి అంచుల చుట్టూ తడిగుడ్డ పెట్టాలి, డెల్టామెత్రిన్ నీళ్ళలో పడితే చేపలకి మహావిషం, అది మీరు తాగే నీళ్ళు కూడా. కుక్కని ఆ గదిలోకి మూడు నెలలు పోనివ్వకండి.