రోజూ 14 గంటలు కూర్చుంటున్నా ఏమీ గుర్తుండట్లేదు, బ్రేక్ తీసుకోవాలంటేనే భయమేస్తోంది

అశోక్‌నగర్_బెంచీ:
అందరికీ నమస్తే. నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్-2కి చదువుతున్నా. పొద్దున 6కి స్టడీ హాల్‌కి పోతే మళ్ళీ రూమ్‌కి వచ్చేది రాత్రి 11కే, మధ్యలో తిండికి, టీకి తప్ప లేవను. మొదటి రెండు నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు ఒకే పేజీ మూడుసార్లు చదివినా, ఏం చదివావో చెప్పమంటే నోరు పెగలదు. తెలంగాణ చరిత్రలో పెద్దమనుషుల ఒప్పందం 1956 అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి, మొన్న మాక్ టెస్టులో దాన్ని ఆరు సూత్రాల పథకంతో కలిపేసి 1973 పెట్టి వచ్చా. కాసేపు ఇందిరా పార్కు దాకా నడిచొద్దామని లేవబోతే పక్క సీటు అతను కదలకుండా కూర్చుని ఉంటాడు, అతన్ని చూసి మళ్ళీ కూర్చుంటా. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి "చదువుతున్నవా బిడ్డా" అంటే ఆ టైంలో టీ కొట్టు దగ్గర ఉన్నానని చెప్పడానికి కూడా సిగ్గే. బ్రేక్ వల్ల నిజంగా లాభం ఉంటుందా, లేక బద్ధకానికి మనం పెట్టుకున్న మంచి పేరా?

చిక్కడపల్లి_పాతకాపు:
తమ్ముడూ, సిటీ సెంట్రల్ లైబ్రరీలో మూడేళ్ళు కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, లేవనివాళ్ళంతా చదువుతున్నారని అనుకోకు. నా పక్కన ఒకతను కళ్ళు తెరిచే నిద్రపోయేవాడు, గంటకోసారి పేజీ మాత్రం తిప్పేవాడు.

పొమొడోరో అని వినే ఉంటావు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ కుర్రాడు చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారం టైమర్ ముందు పెట్టుకుని చదివాడు, దాంట్లోంచి వచ్చిందే 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం. పొమొడోరో అంటే వాళ్ళ భాషలో టమాటానే. నాకు 25 కుదరలేదు, అరిథ్‌మెటిక్‌లో లెక్క సగంలో ఉండగానే అలారం మోగేది, చిరాకేసి 50కి 10 చేసుకున్నా. నంబరు నీ ఇష్టం. కానీ తల బరువెక్కాక లేద్దాంలే అనుకుంటే అప్పటికే గంట వృథా అయిపోయి ఉంటుంది, ఇంకా ఓపిక ఉండగానే లేవాలి. లేచే ముందు పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నది రాయి. మొదటి వారం నాలుగు ముక్కలు కూడా రావు, ఏడుపొస్తుంది, అయినా మానకు.

నైట్‌డ్యూటీ_అక్క:
అందరూ పగటి బ్రేకుల గురించే చెప్తున్నారు, నువ్వు పడుకునేది ఎన్నింటికో ఎవరూ అడగలేదు. 11కి రూమ్‌కొచ్చి తిని, ఫోన్ చూసి పడుకునేసరికి ఒంటిగంట, 6కి మళ్ళీ హాల్లో ఉండాలంటే అయిదున్నరకల్లా లేవాలి. నాలుగున్నర గంటలు! పగలు చదివింది మెదడు సర్దుకునేది ఎక్కువగా నిద్రలోనే బాబూ. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు ఇద్దరే విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టించి చూశారు. అన్నే గంటలు మేలుకుని గడిపినప్పటికన్నా, చదవగానే పడుకున్నప్పుడు వాళ్ళకి ఎక్కువ గుర్తున్నాయి. ఇద్దరితోనే ఏం తేలుతుందని నేనూ అనుకున్నా కానీ, తర్వాత చాలామంది చూసి అదే మాట చెప్పారు.

ఆ సాయంత్రం టీలు కూడా తగ్గించు, తాగిన కెఫీన్‌లో దాదాపు సగం అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం కునుకు తియ్యొచ్చు, 20 నిమిషాలకి అలారం పెట్టుకుని. గంట పడుకుంటే గాఢనిద్రలోంచి లేచి, ఇంకో అరగంట నువ్వెక్కడున్నావో నీకే తెలీదు.

హాఫ్‌హెల్మెట్:
బ్రదర్, నాకు 50-10 చేసుకునే అదృష్టం లేదు, పగలు డిగ్రీ కాలేజీ, సాయంత్రం 6 నుంచి ఫుడ్ డెలివరీ. ఆర్డర్ రెడీ అయ్యేదాకా హోటల్ బయట నిలబడినప్పుడు, పొద్దున చదివింది మనసులో తిప్పుకుంటా, అదే నా రివిజన్. ఇంతకుముందు ఆ టైంలో రీల్స్ చూసేవాణ్ణి, రెండు నిమిషాలు అనుకుంటే ఇరవై అయ్యేవి, బుర్ర ఇంకా అలిసిపోయేది. దాన్ని బ్రేక్ అనకండి దయచేసి. ఆదివారం మాత్రం ట్యాంక్‌బండ్ మీద ఊరికే కూర్చుంటా. ఎవడు ఏమన్నా సరే.

అశోక్‌నగర్_బెంచీ:
అందరికీ థాంక్స్, వారం రోజులుగా 50-10 చేస్తున్నా, రాత్రి 10కే వచ్చేస్తున్నా. మార్కులు పెరిగాయో లేదో వచ్చే టెస్టు దాకా తెలీదు. కానీ ఒకటి చెప్పాలి. మొన్న ధైర్యం చేసి, నడిచొద్దాం వస్తావా అని పక్క సీటు అతన్నే అడిగా. అతనేమన్నాడో తెలుసా, "నువ్వు లేస్తావేమోనని నెల నుంచి చూస్తున్నా, నువ్వు లేవట్లేదని నేనూ లేవట్లేదు" అన్నాడు. ఇప్పుడు ఇద్దరం కలిసే కిందికి దిగుతున్నాం, ఒక టీ సగం సగం. అక్కా, అది కూడా 4 లోపే.