కుక్కకు స్నానం: కట్టేసి చేయించాలా, అలవాటు చేయాలా?

చంపావతి (విజయనగరం)
మా పండు నాటు కుక్క. బకెట్ చప్పుడు వింటే చాలు, మంచం కిందకు దూరిపోతాడు. ప్రతి ఆదివారం స్నానం చేయించాల్సిందే అంటారు మా అత్తగారు. మావారు పెరట్లో జామచెట్టుకి కట్టేసి చెంబుతో నెత్తి మీద నీళ్ళు గుమ్మరిస్తారు. మొన్న వాడు మావారి మీద గుర్రుమన్నాడు. ఇదివరకెప్పుడూ అలా చేయలేదు. కట్టేయడం మానేయాలా?

రాజాం_రైతు
మానకండి. ఐదు నిమిషాల పని. మా తాత గేదెల్ని నాగావళిలో కడిగేవాడు, వాటిని అడిగి కడిగాడా?

కోట_జంక్షన్
గేదెకు నీళ్ళంటే ప్రాణం సార్, ఆ పోలిక కుదరదు. చంపావతి గారూ, మీ పెరట్లో గచ్చు నున్నగా ఉందా? సబ్బునీళ్ళ మీద కుక్క గోళ్ళకు పట్టు దొరకదు. సగం భయం అక్కడే. గోనె పట్టా పరవండి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. నెత్తి మీద పోయకండి, చెవుల్లోకి పోతే చీము పట్టే ప్రమాదం ఉంది. కాళ్ళ నుంచి మొదలుపెట్టి పైకి రండి, ముఖాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. మనం వాడే సబ్బు వద్దు. మన చర్మం పీహెచ్, అంటే ఆమ్ల-క్షార గుణాల కొలత, 5.5 దగ్గర ఉంటే కుక్కది 7కి దగ్గరగా ఉంటుంది. మన సబ్బుతో దాని చర్మం ఎండిపోయి దురద పెడుతుంది.
గుర్రుమన్నందుకు మాత్రం కొట్టకండి. అది హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది.

పలాస_పిల్ల
గోనె పట్టా మా ఇంట్లో పనిచేసింది.

రాజాం_రైతు
పట్టా సరే. తాడు వద్దంటారా? ఒళ్ళంతా సబ్బుతో రోడ్డు మీదకు ఉరికి లారీ కింద పడితే ఎవరిది బాధ్యత?

కోట_జంక్షన్
తాడు వద్దని నేనెక్కడ అన్నాను? చెట్టుకు బిగించి కట్టడం వేరు, మెడపట్టీకి వదులుగా తాడు వేసి ఒకరు చేత్తో పట్టుకోవడం వేరు.

రాజాం_రైతు
ఆ ఒకరు ఎవరండీ? మా ఇంట్లో కుక్క అందరికీ కావాలి, చాకిరీ మాత్రం నాది. పోయినసారి పెంచిన కుక్క కూడా నీళ్ళంటే వణికేది. పాపం వదిలెయ్ అన్నారు అందరూ. ఒళ్ళంతా గోమార్లు పట్టాయి. తిండి మానేసింది, చిగుళ్ళు తెల్లబడ్డాయి, ముక్కు నుంచి రక్తం వచ్చింది. గోమార్ల జ్వరం అన్నాడు డాక్టరు. దక్కలేదు. దాన్ని పాతిపెట్టిన నాడు జాలి చెప్పినవాళ్ళు ఒక్కరూ పార పట్టలేదు. అందుకే కట్టేసి కడుగుతాను. మీరు నాకు ప్రేమ నేర్పకండి.

కోట_జంక్షన్
మీ బాధ నాకు అర్థమైంది. కానీ మామూలు స్నానంతో గోమార్లు పోవు. చర్మాన్ని కరిచి పట్టుకుంటాయి, సబ్బునీళ్ళకు చావవు. గోడ పగుళ్ళలో గుడ్లు పెడతాయి. మెడ వెనక వేసే చుక్కల మందో, మాత్రో బరువును బట్టి డాక్టరు ఇస్తారు. చుక్కల మందు వేసే ముందూ తర్వాతా రెండేసి రోజులు స్నానం ఆపాలి, లేకపోతే సరిగా పట్టదు. ఇంకో మాట. గోమార్లు ఎక్కువగా చేరేది చెవుల్లో, వేళ్ళ సందుల్లో. వారం వారం కట్టేసి భయపెడితే అది చెవి ముట్టుకోనిస్తుందా? కాలు చేతికిస్తుందా?

రాజాం_రైతు
నెల నెలా ఆ మందు కొనే స్తోమత అందరికీ ఉంటుందా? నీళ్ళకు డబ్బులక్కర్లేదు. మా వీధిలో కిరోసిన్ రాస్తారు, తెలుసా మీకు?

అరసవల్లి_అక్క
కిరోసిన్ వద్దు బాబూ! చర్మం కాలుతుంది, నాకితే విషం.

రాజాం_రైతు
నేను రాయను అక్కా. డబ్బుల్లేనివాళ్ళ సంగతి చెప్పాను, అంతే.

చంపావతి
కాస్త ఆగండి. మా అత్తగారి గొడవ గోమార్లతో కాదు. పండు దేవుడి గది గుమ్మంలో పడుకుంటాడు, వాసన అని ఆవిడ బాధ. పెరట్లోనే ఉంచమంటారు. మావారు లోపలే ఉండాలంటారు. ఆదివారం స్నానం అలా మొదలైంది.

కోట_జంక్షన్
ఈ ముక్క ముందే చెప్పాల్సింది. ఒంటికి మురికి పట్టకపోతే నెలకోసారి స్నానం చాలు. మధ్యలో దువ్వండి. తడిసిన ఒళ్ళు ఆరకపోతేనే వాసన ఎక్కువ. ముసురు రోజుల్లో స్నానం పెట్టుకోకండి. ఒళ్ళు బాగా ఆరాక కూడా రెండో రోజుకే కంపు వస్తోందంటే చెవులో చర్మమో పాడైనట్టు, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పడుకునే చోటు సంగతి మాత్రం మీరు ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. ఆ తగువుకి పండు ఒళ్ళెందుకు తడవాలి?

చంపావతి
అయితే ఈ ఆదివారం స్నానం లేదు. జామచెట్టు కింద కాకుండా బావి పక్కన పట్టా పరిచి, భయం పోయేలా అక్కడే అన్నం పెడతాను.

రాజాం_రైతు
వాసనకైతే నెలకోసారి చాలు, ఒప్పుకుంటాను. కానీ మందు వేసినా వేయకపోయినా రోజూ చెవులూ వేళ్ళ సందులూ చేత్తో వెతకండమ్మా. తాడు మాట మాత్రం నేను మార్చను. బావి పక్కన అంటున్నారు, ముందు వీధి గేటు గడియ పెట్టండి.