ఆగస్టు 15 ఫ్లెక్సీ: ప్రీతిలత నాయకురాలా, పేరుకేనా?

బ్రాడీపేట బాబాయ్: గుంటూరు సభకు ఫ్లెక్సీ డిజైన్ పంపారు. చిట్టగాంగ్ విప్లవకారిణి ప్రీతిలతా వడ్డేదార్ బొమ్మ కింద "పహర్తలి క్లబ్బు దాడి నాయకురాలు" అని వేశారు. 1932 సెప్టెంబరులో తెల్లదొరల క్లబ్బు మీద జరిగిన ఆ దాడి పథకం విప్లవకారుల నాయకుడు సూర్యసేన్‌ది. వారం ముందు తోటి విప్లవకారిణి కల్పనా దత్తా మగవేషంలో దొరికిపోయింది, అప్పుడు బాధ్యత ఈమె మీద పడింది. దాన్ని నాయకత్వం అంటారా?

పటమట పంతులు: పథకం ఒకరిదైతే అమలు ఇంకొకరిది కాకూడదా? మూడు జట్లుగా విడిపోయి, రాత్రి పదకొండు కావస్తుండగా మొదలెట్టారు. లోపల సుమారు 40 మంది. మర్నాడు ప్రీతిలత శవం దగ్గర పోలీసులకు దొరికినవి: కరపత్రాలు, తూటాలు, విప్లవకారుడు రామకృష్ణ బిశ్వాస్ ఫొటో, దాడి పథకం చిత్తుప్రతి, ఒక ఈల. చీకట్లో మూడు జట్లకు సైగ అందాలంటే ఈల కావాలి. అది ఎవరి దగ్గరుంటుందండీ?

బ్రాడీపేట బాబాయ్: మా వీధి గూర్ఖా దగ్గరా ఉంటుంది.

బెంజిసర్కిల్: హహ్హహ్హ

బ్రాడీపేట బాబాయ్: ఫలితం చూడండి. క్లబ్బులో చనిపోయింది సలివాన్ అనే ఒక్కామె. ప్రీతిలతకు తగిలిన తూటా గాయం పెద్దది కాదని పోస్టుమార్టంలో తేలింది. ప్రాణం తీసింది తను మింగిన సయనైడ్. అందరినీ పంపేసి తనెందుకు ఆగిపోయినట్టు?

పటమట పంతులు: తప్పించుకోవడం రాక కాదు. ఆ జూన్‌లోనే ధల్‌ఘాట్‌లో వాళ్లు దాక్కున్న ఇల్లు చుట్టుముడితే తోటి విప్లవకారుడు నిర్మల్ సేన్ పోయాడు, ఈమె సూర్యసేన్‌తో బయటపడింది. 1930 ఏప్రిల్ 18న ఇదే క్లబ్బు మీదికి వెళ్లిన మగాళ్లు, గుడ్ ఫ్రైడే కాబట్టి లోపల ఎవరూ లేక ఊరికే తిరిగొచ్చారు. వాళ్లనెవరూ "పేరుకే" అనరే! మీకు ఆడమనిషి కాబట్టే అనుమానం.

బ్రాడీపేట బాబాయ్: నోరు జారొద్దు! నా కడుపుమంట వేరు. గుంటూరులో 1922లో శారదానికేతనం అనే ఆడపిల్లల బడి పెట్టి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన ఉన్నవ లక్ష్మీబాయమ్మ బొమ్మ ఆ ఫ్లెక్సీలో ఏది? అడిగితే చోటు లేదన్నారు. తుపాకీ పడితేనే బొమ్మా? బడి పెడితే లేదా?

కొరిటెపాడు శారద: ఈ ముక్క మొదటే చెబితే సరిపోయేదిగా.

పటమట పంతులు: అందులో నేనూ మీవైపే. కానీ ఒకరికి చోటు కోసం ఇంకొకరి హోదా కొయ్యడమేంటండీ? ప్రీతిలత కూడా చిట్టగాంగ్‌లో ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్సే. ఆమె డిగ్రీ పట్టా తెల్లదొరలు ఆపేస్తే 2012లో ఇచ్చారు.

బ్రాడీపేట బాబాయ్: పట్టా సంగతి నేనడగలేదు. చోటు సంగతి చెప్పండి.

కొరిటెపాడు శారద: ప్రింటుకు ఇంకా పోలేదు. ఎమ్మెల్యే గారి బొమ్మ సగం తగ్గిస్తే ఇద్దరూ పడతారు.

బ్రాడీపేట బాబాయ్: ఆ మాట మీరే వెళ్లి చెప్పండమ్మా.