ఆగని ఫిట్స్‌కి మూడు మందులూ ఒకేసారా, ఒకదాని వెనక ఒకటా?

నాగావళి (శ్రీకాకుళం): ముందు మిడజోలం, లొంగకపోతే వాల్ప్రోయేట్, అప్పటికీ ఆగకపోతే మత్తు. ఈ వరస మార్చాలంటాను. లిథియం, పైలోకార్పిన్ ఇచ్చి ఫిట్స్ తెప్పించిన ఎలుకల్లో, ఫిట్స్ మొదలైన 10 నిమిషాలకి డయజిపామ్ (మిడజోలం జాతి మందే) ఈడీ50, అంటే సగం ఎలుకల్లో ఫిట్స్ ఆపే మోతాదు, కిలోకి 4.2 మి.గ్రా.; 45 నిమిషాలకి అదే 40. ఎంచేతంటే ఈ మందులు పట్టుకునే, మెదడుని శాంతపరిచే గాబా-ఏ రిసెప్టర్లు కణం లోపలికి వెళ్లిపోతాయి, మెదడుని రెచ్చగొట్టే ఎన్ఎండీఏ రిసెప్టర్లు సినాప్స్ (నరకణాలు కలిసే చోటు) దగ్గర పెరుగుతాయి. మిడజోలం ఎంత పోసినా పట్టుకోడానికి రిసెప్టర్ ఉండాలి కదా! మిడజోలం, ఎన్ఎండీఏని అడ్డుకునే కెటమిన్, వాల్ప్రోయేట్ మూడూ ఒకేసారి ఇస్తే, వరసగా ఇచ్చినప్పటికన్నా ఎలుకల్లో బాగా పనిచేశాయి. మెళియాపుట్టి నుంచి రోగి శ్రీకాకుళం చేరేసరికే ఆ 45 నిమిషాలూ దాటిపోతాయి.

చంపావతి (విజయనగరం): నా అనుమానం కెటమిన్ మీదే. ఎలుక కదలకుండా పడి ఉంటే ఫిట్స్ ఆగినట్టు కాదండీ. ఈఈజీ (మెదడు విద్యుత్తు రికార్డు) లేకుండా, ఒక్క రేసీన్ స్కోరుతో (ఫిట్స్ తీవ్రతని కంటితో చూసి వేసే మార్కు) తేల్చిన ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను. మత్తులో ఎలుక ఒళ్లు చల్లబడుతుంది, ఆ చల్లదనమే మెదడుని కొంత కాపాడుతుంది, పేరు మాత్రం మందుకి వస్తుంది. ఒంటి వేడి కొలిచే ప్రోబ్ పెట్టి, హీటింగ్ ప్యాడ్ మీద 37 డిగ్రీల దగ్గర నిలపాలి. పోలికకి సెలైన్ గుంపు ఒక్కటీ చాలదు, మిడజోలమే మూడింతలు ఇచ్చిన గుంపు కూడా ఉండాలి.

వంశధార: ఎలుకల్లో ఫిట్స్ తెప్పించే మోడల్ దగ్గరే చాలామంది తప్పుతున్నారు. లిథియం క్లోరైడ్ కిలోకి 127 మి.గ్రా. ముందురోజు ఇవ్వాలి. మర్నాడు మిథైల్ స్కోపొలమిన్ 1 మి.గ్రా., అరగంట ఆగి పైలోకార్పిన్ 30. సీసా మీద ‘మిథైల్’ అని ఉందో లేదో చూడండి. అది మెదడులోకి పోదు, చొంగ, విరేచనాల్లాంటివే ఆపుతుంది. మామూలు స్కోపొలమిన్ లోపలికి వెళ్లి అసలు ఫిట్స్‌నే రానివ్వదు. ఇంకోటి, వాల్ప్రోయేట్ హాఫ్ లైఫ్ (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) మనిషిలో 9–16 గంటలు, ఎలుకలో కొద్ది గంటలే. రక్తంలో స్థాయి కొలవకుండా మోతాదులు పోల్చకండి.

నాగావళి: ఈఈజీ మాట ఒప్పుకుంటాను. కానీ మనుషుల మీద చేసిన 2019 నాటి ఎసెట్ ట్రయల్ చూడండి. బెంజోలకి (మిడజోలం, డయజిపామ్ జాతి మందులు) లొంగని రోగుల్లో లెవెటిరాసిటామ్, ఫాస్‌ఫెనిటాయిన్, వాల్ప్రోయేట్, ఏది ఇచ్చినా దాదాపు సగంమందికే ఆగింది. మిగతా సగం మంది మాటేటి?

చంపావతి: వాళ్ల కోసమే ఇంత పట్టుబడుతున్నాను మాస్టారూ. వెంటిలేటర్ లేని చోట మూడూ కలిపి ఇమ్మని ఎలుకల్ని చూసి చెప్పలేం. ముందు మిడజోలం–కెటమిన్ జంటకి ఐసోబోలోగ్రామ్ గీయండి, అంటే రెండు మందుల బలం ఉత్తగా కూడితే ఏ మోతాదులు కావాలో చూపే గీత. విడివిడిగా ఈడీ50లు తీసి, ఆ నిష్పత్తిలోనే కలిపి ఇవ్వండి. జంట మోతాదు బిందువు గీతకి బాగా దిగువన పడితేనే సినర్జీ, అంటే కూడికని మించిన బలం. జంటని 45వ నిమిషంలో ఇస్తే ఈడీ50 కూడా 45వ నిమిషానిదే కావాలి, 10వ నిమిషపు అంకె తెచ్చి పెడితే గీతే తప్పు. అవే మోతాదుల్లో శ్వాస కూడా కొలవండి.