అప్‌డేట్: ఎల్రిక్ అన్నదమ్ముల లెక్క ఎక్కడ తప్పింది?

జపనీస్ మాంగా (కామిక్స్) ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’లో ఎల్రిక్ అన్నదమ్ములు చనిపోయిన అమ్మను రసవిద్యతో బతికించడానికి మనిషి శరీరంలో ఉండే పదార్థాలన్నీ కొలిచే వేశారు కదా, మరి ఎందుకు విఫలమైందని ఇంతకుముందు అడిగాను. మీ జవాబులు, 27 సంపుటాలు పక్కపక్కన పెట్టి చూశాక తేలింది ఇది.

నీళ్లు 35 లీటర్లు, కార్బన్ 20 కిలోలు, అమ్మోనియా 4 లీటర్లు, సున్నం కిలోన్నర, భాస్వరం 800 గ్రాములు, ఉప్పు 250 గ్రాములు... తూకంలో తప్పు లేదు. పోయిన ప్రాణానికి సరితూగే వెలే లేదు. అలా పుట్టిన రూపాన్ని పాతిపెట్టిన గొయ్యిని తర్వాత అన్న ఎడ్ తవ్వితే దొరికిన జుట్టు నల్లది, తొడ ఎముక కొలత కూడా అమ్మది కాదు. అంటే వాళ్లు అమ్మను రెండోసారి చంపలేదు! ఆ ప్రయత్నంలో పోయిన తమ్ముడి శరీరం తిరిగి తేవచ్చన్న ఆశకు ఆధారం ఆ ఎముకలే. మొత్తం కథలో నాకు ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదు.

సైన్యం సంగతికొస్తే, ఇష్వాల్ అనే ప్రాంతంలో అది చేసిన మారణకాండ ఏ అధికారి పొరపాటూ కాదు. దేశమంత పెద్ద రసవిద్యా వలయం (మంత్రచక్రం లాంటిది) గీయడానికి ఎంచుకున్న చోట్లలో కావాలని పారించిన రక్తం. సైనికాధికారి హ్యూస్ పటం మీద ఆ చోట్లు కలిపి చూశాడు, అందుకే ఫోన్ బూత్‌లో చంపేశారు. 2003 అనిమే (యానిమేషన్ సీరియల్)లో ఈ వలయం లేదు, ఎందుకంటే మాంగా అప్పటికి పూర్తికాలేదు. మాంగా కథనే అనుసరించిన 2009 నాటి రెండో అనిమే ‘బ్రదర్‌హుడ్’ 64 ఎపిసోడ్లు చూడండి.